సాయంత్రం వచ్చే జ్వరం

ఉప్పళం, పుదుచ్చేరి
జూన్ 2

మంగళక్కకి చెల్లెలు ఆండాళు మొక్కి రాస్తున్న సంగతులు.

అక్కా, చెవుడు వచ్చాక నీకు ఫోనులో నా మాట అందడం లేదు. నేను అరిస్తే మా వీధంతా వింటుంది గానీ యానాంలో నువ్వు వినవు. అందుకని మళ్ళీ కాగితమే తీశాను. అయిదో తరగతితో ఆగిపోయిన చేతిరాత, సర్దుకుని చదువుకో.

మా వెంకటసాయికి జ్వరం. ఈవేళ్టికి పద్దెనిమిది రోజులు. పొద్దున్న లేచేసరికి ఒళ్ళు చల్లగా ఉంటుంది. ఇడ్లీ తిని, బండెక్కి, మేట్టుపాళయంలో వాడు పనిచేసే గోడౌనుకి పోతాడు. నాలుగు దాటితే మొదలు. ముందు నడుం నొప్పి అంటాడు, తరవాత వణుకుతాడు, ఆ తరవాత ఒళ్ళు కాలిపోతుంది. మర్నాడు పొద్దున్న చొక్కా పిండితే నీళ్ళు కారతాయి, అంత చెమట. మలేరియా కాదన్నారు. డెంగీ కాదన్నారు. టైఫాయిడ్ కాదన్నారు. కాదు కాదు అని చెప్పడానికి ఇన్ని కాగితాలెందుకో నాకు తెలియదు. అన్నీ ఒక సంచిలో వేసి బీరువా మీద పెట్టాను. ఫ్యాను గాలికి ఎగిరిపోతాయేమోనని మళ్ళీ తీసి బీరువా లోపల పెట్టాను.

వీధిలో ఒకరు ఏసీ గాలి అంటారు, ఒకరు దిష్టి అంటారు. కాదని ఎవరితో అనగలను?

కోడలు జనని సంగతి నీకు తెలిసిందే. నాలుగు తరాల కిందట ఈ ఊరొచ్చి బజారులో కొట్టు పెట్టుకున్న తెలుగువాళ్ళ పిల్ల. నోట తెలుగే గానీ చదివేది తమిళం. నేను పక్కనే కూర్చుని రాసినా ఏం రాస్తున్నానో ఆమెకి తెలియదు. నిన్న నాతో, "ఏంది అత్తా, యాడ జూసినా ఆ థర్మామీటరు ఎత్తుకోని నిలబడుండావు? జొరం లేకున్నా నిన్ను జూస్తే వచ్చేస్తాది ఆయనకి," అంది. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

మా ఆయన కూడా ఇలాంటి పేరు లేని జ్వరంతోనే పోయారు కదా. ఇరవై మూడో రోజున. నువ్వు పక్కనే ఉన్నావు. వీడికి ఈవేళ పద్దెనిమిది. ముప్ఫై నాలుగేళ్ళు నర్సుగా చేసినదానివి, నిన్ను కాక ఎవరిని అడగను? వెంటనే రాయి.

ఆండాళు


యానాం
జూన్ 10

ఆండాళూ,

ఉత్తరం చేరింది. ఇది నీకు అందేసరికి ఇరవై మూడో రోజు దాటిపోయి ఉంటుంది. ఆ లెక్క మానెయ్యి. మరిది గారిది గుండె కవాటాల మీద పట్టిన జ్వరం. ముప్ఫై ఏళ్ళ కిందట మన ఊళ్ళో దాన్ని కనిపెట్టేవాళ్ళు లేరు. పేరు లేక కాదు.

కంగారు పడేవాళ్ళు వైద్యానికి అడ్డం. కాబట్టి నీకో పని చెబుతున్నాను. ఒక నోటుపుస్తకం కొని, రోజుకి నాలుగుసార్లు మాత్రమే జ్వరం చూసి రాయి. నలభైసార్లు కాదు. చెమట ఎప్పుడు పట్టిందో రాయి. బరువు వారానికోసారి.

ఇంకా నాకు కావలసినవి: దగ్గు ఉందా? మెడ పక్కన గానీ చంకలో గానీ గడ్డలు తగులుతున్నాయా? గోడౌనులో ఎలుకలున్నాయా? తాగే నీళ్ళు ఎక్కడివి? పాలు ఎక్కడివి? ఈ మూడు నెలల్లో ఏ ఊరు వెళ్ళాడు, ఏ పశువు దగ్గరికి వెళ్ళాడు? జ్వరం రాకముందు ఏమైనా మాత్రలు వేసుకున్నాడా? కొన్నిసార్లు మందే జ్వరం తెస్తుంది.

చివరిది. నువ్వు నాటుమందులేమైనా పెడుతున్నావా? నీ సంగతి నాకు తెలుసు. దాచకు.

మంగళ


ఉప్పళం
జూన్ 20

అక్కకి ఆండాళు దండం పెట్టి రాసుకుంటున్నది.

ఇరవై మూడో రోజు దాటింది. ఆ రోజు వీధి గుమ్మంలోంచి కదల్లేదు. వాడు గోడౌను నుంచి ఇంటికొచ్చి చెప్పులు విప్పేదాకా నా కాఫీ అలాగే ఉండిపోయింది. ఇప్పుడు ముప్ఫై ఆరు. లెక్క మానమన్నావు, మానలేదు.

నోటుపుస్తకం కొన్నాను. నువ్వు నాలుగుసార్లన్నావు, నేను ఏడుసార్లు రాస్తున్నాను. బరువు నాలుగు కిలోలు తగ్గాడు. దగ్గు లేదు. గడ్డలు లేవన్నారు. గోడౌనులో ఎలుకలున్నాయి. ఎలుకల వల్ల వచ్చే జ్వరానికి పరీక్ష చేశారు, అదీ కాదన్నారు. ఛాతీ ఫొటో తీశారు, శుభ్రంగా ఉందట.

ఇప్పుడు పెద్ద డాక్టరు దగ్గరికి మారాం. లోకనాథన్ గారు. బక్కపలచని మనిషి, తొందరే లేదు. నువ్వడిగినవే అడిగాడు, తమిళంలో. "పశువుల దగ్గర మెలుగుతారా? పచ్చిపాలు తాగుతారా?" అన్నాడు. వెంకటసాయి నవ్వి, "మాకు ప్యాకెట్ పాలే సార్. వాటిని కూడా మా అమ్మ మూడుసార్లు కాస్తుంది," అన్నాడు. డాక్టరు రాసుకున్నాడు. నేను అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాను. నిజమే, మూడుసార్లు కాస్తాను.

నాటుమందు ఏమీ పెట్టలేదు. ఒట్టు.

పొద్దుపోక ఇంకో సంగతి రాస్తున్నాను. మా వీధికి ఆకుకూరలు తెచ్చే వెళ్ళైయమ్మాళ్ అని ఒకావిడ ఉంది. ఏంబలం పల్లె నుంచి పొద్దున్న బస్సులో వస్తుంది. మొన్న ఫాల్గుణ మాసంలో ఆమె ఆవుకి ఏడో నెల కడుపు పోయి చచ్చిన దూడ పడిందట. అయినా పాలిస్తూనే ఉందట, ఊరంతా వింత చెప్పుకున్నారట. ఈ మధ్య ఆమెకి మోకాళ్ళు పట్టేసి, మా అరుగు మీద కూర్చుంటే నేను చెయ్యి పట్టి లేపాలి. ఒళ్ళు కూడా వెచ్చగానే తగిలింది. ఎవరి కష్టాలు వాళ్ళవి.

ఆండాళు


యానాం
జూలై 1

ఆండాళూ,

నోటుపుస్తకం లెక్కలు వేరే కాగితం మీద ఎక్కించి జతచేశావు, బాగుంది. పొద్దున్న మామూలు, సాయంత్రం నూట రెండు, తెల్లవారాక చెమట. మధ్యలో నాలుగు రోజులు తగ్గి, మళ్ళీ మొదలైంది. అలా అలలాగా వచ్చే జ్వరాలు కొన్ని ఉన్నాయి.

మూడు వారాలు దాటినా కారణం దొరకని జ్వరాన్ని డాక్టర్లు ఎలా వెతుకుతారో చెబుతాను, నీకు భయం తగ్గుతుందో పెరుగుతుందో నీ ఇష్టం. ఒళ్ళో ఎక్కడో దాక్కున్న సూక్ష్మజీవి మొదటి అనుమానం. క్షయ కావచ్చు, గుండె కవాటాలు కావచ్చు, కాలేయంలో చీము కావచ్చు. తన ఒంటి మీద తనే తిరగబడే జబ్బులు రెండోవి. ఆ తరవాత నెత్తురులోనో గ్రంథుల్లోనో పుట్టే చెడ్డ జబ్బులు. కొందరిలో ఎంత వెతికినా దొరకదు, దానంతటదే పోతుంది. అందుకే రక్తం కంటే ముందు మాటలు తీసుకుంటారు. ఏం తిన్నావు, ఎక్కడ తిరిగావు అని.

ఆ పొద్దుపోని సంగతి రెండుసార్లు చదివాను. ఆ ఏంబలం ఆవు పాలు మీ ఇంటికి వస్తాయా? పెరుగైనా, వెన్నైనా, జున్నైనా? సరిగ్గా గుర్తు చేసుకుని రాయి.

మంగళ


ఉప్పళం
జూలై 12

అక్కా,

దండాలు పెట్టే ఓపిక కూడా లేదు. స్కానింగులో ప్లీహం వాచిందన్నారు. కడుపులో ఎడమ పక్కన ఉంటుందట, అలాంటిదొకటి ఉందని నాకు ఇప్పుడే తెలిసింది. ఇంకేదీ దొరక్కపోతే ఇరవై తొమ్మిదో తారీఖున తుంటి ఎముకలోకి సూది దించి లోపలి మజ్జ తీసి చూస్తారట. ఎందుకని అడిగితే డాక్టరు జననితోనే చెప్పాడు. ఆ పిల్ల బయటికొచ్చి నాతో, "ఏమీ లేదు అత్తా, ఊరికే," అంది. కళ్ళు చూస్తే ఊరికే లాగ లేదు. నువ్వు మూడోదిగా రాశావే, ఆ చెడ్డ జబ్బు. అదే వాళ్ళ అనుమానం.

వాడు పనికి పోవడం మానేశాడు. జనని సెలవు పెట్టి ఆస్పత్రుల చుట్టూ తిరుగుతోంది.

నీ ప్రశ్నకి జవాబు. ఆ ఆవు పాలు ఎవరూ తాగరు. దూడ నోరు పెట్టని పాలు మనుషులు తాగకూడదు, అమ్మకూడదు అని వెళ్ళైయమ్మాళ్ ఇంట్లో పట్టింపు. అందుకని ఆ పాలన్నీ పొలం దగ్గరున్న వాళ్ళ అమ్మవారికి మొక్కేసింది. దూడ పోయినా పాలు నిలిచాయంటే అమ్మ తనకోసం అడిగిందనే కదా అంటుంది. ముని అనే పూజారి మంగళవారం, శుక్రవారం ఆ పాలతో అభిషేకం చేస్తాడు.

ఇది రాయకుండా ఉందామనుకున్నాను, నువ్వు వెక్కిరిస్తావని. ఆ అభిషేక తీర్థం నాకు ఒక చిన్న సీసాతో తెచ్చి ఇస్తుంది. పసుపూ తులసీ వేసి ఉంటుంది. ఉగాది వెళ్ళిన రెండో శుక్రవారం నుంచి వెంకటసాయికి పరగడుపున చేతిలో పోస్తున్నాను. జనని స్నానానికి వెళ్ళినప్పుడు. ఆమెకి బయట సీసాలంటే పడదు. మేట్టుపాళయం రోడ్డు నిండా లారీలు అక్కా, హెల్మెట్ పెట్టుకోరా అంటే ఉక్క అంటాడు. ఇంకేం చెయ్యను? వాడికి నమ్మకం లేదు, నా మాట తీసెయ్యలేక కళ్ళు మూసుకుని మింగుతాడు. నేను మాత్రం రెండు చుక్కలు నెత్తిన చల్లుకుంటాను, మొక్కు వాడిది కదా. జ్వరం వచ్చాక మంగళవారం కూడా తెమ్మన్నాను. వాడింకా లేచి తిరుగుతున్నాడంటే ఆ తల్లి దయే.

కాబట్టి పాలు కాదు. తీర్థం. అడిగావు గనక రాశాను.

ఆండాళు


యానాం
జూలై 16 (స్పీడు పోస్టు)

ఆండాళూ,

అవి పాలు. విగ్రహం మీంచి జారినా పాలే. ఎవరూ కాచని పాలు. కాచిన పాలతో అభిషేకం చెయ్యరని నీకూ తెలుసు, నాకూ తెలుసు.

కడుపు పోయిన ఆవు, ఆ ఆవు దగ్గర మెలిగే మనిషికి కీళ్ళు పట్టేయడం, సాయంత్రం జ్వరం, పొద్దున్న చెమట, నడుం నొప్పి, వాచిన ప్లీహం. బ్రూసెల్లా అని ఒక సూక్ష్మజీవి ఉంది. జబ్బు పడిన పశువు పాలల్లో ఉంటుంది, కాస్తే చచ్చిపోతుంది, కాచకపోతే మనిషికి పడుతుంది. పశువుల ఆస్పత్రి కాంపౌండరు ఒకతను మా వార్డులో మూడు నెలలు ఇలాగే ఉన్నాడు. మాత్రలతో నయమైంది.

నేను డాక్టరును కాదు. పొరబడి ఉండొచ్చు. అయినా లోకనాథన్ గారికి ఇది తెలియాలి. రక్తం తీసేది ఒకరు, చూసేది ఒకరు. దేనికోసం వెతకాలో చెబితేనే వెతుకుతారు.

తీర్థం ఇవాళే ఆపు. పారబోసి ఊరుకోకు. వెళ్ళి చెప్పు.

మంగళ


ఉప్పళం
జూలై 21

అక్కకి,

ఆపేశాను. సీసా ఇవ్వబోతే ఇంట్లో మైల అని వెళ్ళైయమ్మాళ్‌తో అబద్ధం చెప్పాను. ఆ పాపం కూడా నాకే.

చెప్పలేదు. రెండుసార్లు డాక్టరు గది దాకా వెళ్ళాను. ఒకసారి లోపల ఎవరో ఉన్నారు. రెండోసారి ఎవరూ లేరు. నన్ను చూసి, "ఏం పాటీ?" అన్నాడు, అవ్వా అన్నట్టు. టాయిలెట్ ఎక్కడ అని అడిగి వచ్చేశాను.

నువ్వు నర్సువి, నీకు పాలు పాలే. అమ్మవారి తీర్థం తాగి రోగం వచ్చిందని నా నోటితో ఎలా అనను? అన్నాక ఆ తల్లి ఊరుకుంటుందా? ఇంకో మాట, నిజం మాట, రాస్తున్నాను. జనని ముఖం ఎలా చూడను? ఆ పిల్ల కడిగిన గ్లాసు మళ్ళీ కడిగి నీళ్ళిస్తుంది మొగుడికి. వాళ్ళ అమ్మానాన్నలు రోజూ వస్తున్నారు. ఇంట్లో అత్తే కొడుకుకి విషం పోసిందంటే?

ఆపాను కదా, మెల్లిగా తగ్గిపోదా? మజ్జ పరీక్షలో వాళ్ళకే తెలిసిపోదా? తెలిస్తే నేను చెప్పక్కర్లేదు.

ఇరవై ఆరున ఆస్పత్రిలో చేరుస్తారు. ఏడు కిలోలు తగ్గాడు.

ఆండాళు


యానాం
జూలై 24 (స్పీడు పోస్టు)

కోడలు జననికి పెద్దత్త మంగళ రాస్తున్నది.

వెంకటసాయి ఉగాది తరవాత నుంచి ప్రతి శుక్రవారం, ఈ మధ్య మంగళవారం కూడా, ఏంబలం నుంచి వచ్చే అభిషేక తీర్థం తాగాడు. అది కాచని ఆవు పాలు. ఆ ఆవుకి కడుపు పోయింది. దాన్ని సాకే మనిషికి కీళ్ళ నొప్పులు, జ్వరం. ఇచ్చింది మీ అత్త. వాడి క్షేమం కోరే ఇచ్చింది. డాక్టరు గారికి ఇది ఇంతవరకూ తెలియదు. వెంటనే తెలియాలి. బ్రూసెల్లా కోసం రక్తం చూడమని అడగండి. ఆ పేరు వేరే చీటీ మీద ఇంగ్లీషులో రాసి జతచేశాను, అది డాక్టరుకి ఇవ్వు.

నీకు తెలుగు చదవడం రాదని నాకు తెలుసు. తెలిసే నీ పేరున రాశాను. దీన్ని నీకు చదివి వినిపించాల్సింది మీ అత్త. ఇరవై ఎనిమిదో తారీఖు దాకా చూస్తాను. ఆ రోజు పక్కింటి అబ్బాయి చేత నీకు ఫోను చేయిస్తాను.

మంగళ


ఉప్పళం
ఆగస్టు 6

మంగళక్కకి ఆండాళు రాస్తున్నది.

పైన చిరునామా ఎవరిచేతో తమిళంలో రాయించి పంపావు, గడుసుదానివి. పోస్టుమాన్ జనని చేతికే ఇచ్చాడు. బట్టలకని ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాం అప్పుడే. విప్పి అటూ ఇటూ తిప్పి, "అత్తా, నాకంట జాబు! నాకెవురు రాస్తారు తెలుగులో? చదువు," అని చిక్కుడుకాయల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని నా ముందర కూర్చుంది.

"కోడలు జననికి పెద్దత్త మంగళ రాస్తున్నది," అని చదివాను. "వెంకటసాయిని జాగ్రత్తగా చూసుకో," అని చదివాను. అది నువ్వు రాయలేదు. "ధైర్యంగా ఉండు," అన్నాను. అదీ రాయలేదు.

"అంతేనా?" అంది.

"అంతే."

చీటీ తీసి చూసింది. కాగితం తీసి చూసింది. "ఏంది అత్తా, రెండు మాటలకి తెలుగులో ఇంత సిరా పడతాదా?" అంది. పళ్ళెం కింద పెట్టింది. వేలు తెచ్చి మొదటి వరస మీద ఆనించింది. "ఇది చదువు." చదివితే గానీ వేలు కింది వరసకి జరపదు. తీర్థం అన్న మాట దగ్గర ఆగాను. వేలు అక్కడే ఉంది. గోరు కింద చిక్కుడు ఆకుపచ్చ. చదివాను. చివరి దాకా చదివాను, నన్ను చదివి వినిపించమన్న మాట కూడా.

ఆమె అరవలేదు. "అయ్యో కడవుళే," అని ఒక్కసారి అంది, వాళ్ళు దేవుణ్ణి పిలిచే మాట. తరవాత, "ఎన్ని వారాలు?" అంది. "పదమూడు," అన్నాను, తీర్థం మొదలైనప్పటి నుంచి ఆపేదాకా. "లెయ్యి అత్తా. ఆస్పత్రికి పోదాం. చీటీ నేనిస్తా. కతంతా నువ్వే చెప్పల్ల. నేను చెప్పను." ఆటో ఎక్కాం. ఆ చివరన ఆమె, ఈ చివరన నేను.

చెప్పాను. నా తమిళం నీకు తెలుసు, సగం చేతులతోనే చెప్పాను. డాక్టరు కలం కింద పెట్టాడు. "మొదటి రోజే అడిగాను కదమ్మా," అన్నాడు. మంచం మీంచి వెంకటసాయి లేచి కూర్చుని, "అడిగింది నన్ను సార్. తాగింది నేను. అది పాలని నాకు తోచనే లేదు," అన్నాడు. డాక్టరు ఎవరినీ తిట్టలేదు. ల్యాబుకి ఫోను చేసి ఏం చూడాలో చెప్పాడు. మజ్జ పరీక్ష ఆపమన్నాడు.

అందరూ వెళ్ళాక వాడు నాతో, "అమ్మా, ఇక హెల్మెట్ పెట్టుకుంటాలే," అన్నాడు. వెటకారమో, మామూలుగానో తెలియలేదు. అడగలేదు.

ఎనిమిదో రోజున ఫలితం వచ్చింది. నువ్వు చెప్పిందే. నిన్నటి నుంచి మందులు మొదలుపెట్టారు, రెండు రకాలు, ఆరు వారాలు. జనని నాతో మాట్లాడుతోంది గానీ అత్తా అనడం లేదు. "అన్నం ఉండాది," అంటుంది. ఎవరికి చెబుతోందో గోడకి తెలియాలి.

ఆండాళు


యానాం
ఆగస్టు 14

ఆండాళూ,

సంతోషం. వారం పది రోజుల్లో జ్వరం దిగుతుంది. దిగాక మాత్రలు మానేస్తానంటాడు, మాననివ్వకు. మధ్యలో ఆపితే మళ్ళీ తిరగబెడుతుంది. ఇక నీ కంగారుకి ఒక మంచి ఉపయోగం దొరికింది.

ఆ వెళ్ళైయమ్మాళ్‌కీ, పూజారికీ రక్తం చూడాలి. ఆవు సంగతి పశువుల డాక్టరుకి చెప్పాలి. ఆ తీర్థం ఇంకెంతమంది తాగుతున్నారో నాకు తెలియదు, నీకు తెలుసు.

ఇక నేను రాయవలసింది ఒకటి ఉంది. మరిది గారికి జ్వరం రావడానికి పది రోజుల ముందు ఒక దవడ పన్ను తీయించాం, గుర్తుందా? ఆస్పత్రికి వద్దని తెలిసిన కాంపౌండరుని నేనే ఇంటికి పిలిపించాను. ఆయనకి చిన్నప్పటి నుంచి గుండె కవాటం బాగాలేదు. అలాంటివాళ్ళకి పన్ను తీసే ముందు మందు పడాలి. నాకు తెలుసు, ఆ రోజు గుర్తు రాలేదు. జ్వరం వచ్చాక డాక్టరు అడిగారు, ఈ మధ్య ఏమైనా కోత గానీ పన్ను తీయడం గానీ జరిగిందా అని. నన్నే అడిగారు, నర్సును కదా అని. లేదన్నాను. ఎవరు తీశారని అడుగుతారని. చెప్పి ఉంటే బతికేవారేమో, కాదేమో. చెప్పలేదన్నది మాత్రం నిజం.

నీకు ఇంత కఠినంగా ఎందుకు రాశానో ఇప్పుడు తెలిసి ఉంటుంది.

మంగళ


ఉప్పళం
సెప్టెంబరు 19

మంగళక్కకి చెల్లెలు ఆండాళు మొక్కి రాస్తున్న సంగతులు.

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు రాయకపోవడం కోపంతోనే. వారం పాటు ఉంది కోపం. ఆ తరవాత గుర్తొచ్చింది, ఆ పన్ను తీయించమని నీ ప్రాణం తీసింది నేనే. ఆయన మూలుగు వినలేక ఆస్పత్రి దాకా ఎందుకు, ఎవరినైనా పిలువు అని పోరాను. అది నువ్వు ఉత్తరంలో రాయలేదు. మరిచిపోయావో, కావాలనే వదిలేశావో. నేను రాస్తున్నాను, ఉండాలి కదా. ఇద్దరం ముసలివాళ్ళం, ఇక ఆ లెక్క అక్కడ ఆపుదాం.

వెంకటసాయికి మాత్రలు పూర్తయి నాలుగు రోజులైంది. జ్వరం లేక ముప్ఫై మూడు రోజులు. నాలుగు కిలోలు పెరిగాడు. పనిలో చేరాడు. మళ్ళీ తిరగబెడుతుందేమోనని సాయంత్రం నాలుగింటికి నా గుండె కొట్టుకుంటూనే ఉంది, అది మందులకి పోయే జబ్బు కాదు.

జనని ఒకరోజు తనంతట తనే, "అత్తా, ఏంబలం పోదామా?" అంది. అత్తా అంది. వెళ్ళాం. అమ్మవారి దగ్గర తీర్థం కోసం పదిమంది నిలబడి ఉన్నారు, ఇద్దరు చంటిపిల్లల తల్లులు. జనని తమిళంలో అంతా చెప్పింది. ముని పూజారి అంతెత్తున లేచాడు. "అమ్మకి కాచిన పాలు పొయ్యమంటావా? ఊరు నన్ను తరిమేస్తుంది!" అన్నాడని జనని నాకు చెప్పింది. వెళ్ళైయమ్మాళ్ గట్టు మీద కూర్చునే, "ఊరు తరిమితే పరుగెత్తడానికి నీకు నడుం లేస్తుందా ముందు? నెల రోజులై వంగి హారతి ఇవ్వలేక నిలబడే విసురుతున్నావు," అందట. జనం నవ్వారు. ఆఖరికి తేల్చిందేమిటంటే, పాలు అమ్మకే. జారినవి కాలువలోకి. జనానికి తులసి నీళ్ళు. అమ్మ ఏమీ అనలేదు. నేను చాలాసేపు ఆమె ముఖమే చూస్తూ నిలబడ్డాను.

పశువుల డాక్టరు వచ్చి ఆవు నెత్తురు తీసుకెళ్ళాడు. వెళ్ళైయమ్మాళ్ మాత్రం ఆస్పత్రికి రానంటుంది. పెద్ద డాక్టరు ఏం అడుగుతాడో, ఏం చెప్పాలో అని భయం. ఆ భయం నాకు తెలియనిదా? మొన్న సోమవారం నేనూ జననీ ఆమెని ఆటోలో ఎక్కించి తీసుకెళ్ళాం. లోకనాథన్ గారు కుర్చీ జరుపుకుని, కాగితం తీసి, ఇంకా తల ఎత్తలేదు. ఆయన ఏమీ అడగకముందే నేను లేచి నిలబడి ఆవు, దూడ, పాలు, పచ్చివి, కాచలేదు, చేత్తో పితుకుతుంది, తీర్థమని తాగింది, పంచింది, అంతా వచ్చిన తమిళంలో చెప్పేశాను.

జనని నా చెంగు పట్టి లాగింది. "ఉండు అత్తా, ముందు ఆమెని పేరన్నా చెప్పనీ."

ఆండాళు